సంకల్పాన్ని ఒకసారి పూర్తి వాక్యంగా రాసి చూడండి

మీరు అడిగింది రెండు ముక్కలు. ఆధ్యాత్మికంగా ఎదగాలన్న ఉద్దేశంతో మంత్రతంత్రాలు సాధన చేస్తే తప్పేముంది, ఇది మొదటిది. వశీకరణం ఎవరినీ చంపదు, జబ్బు చేయదు, ప్రేమ కోసమే కదా, దాన్ని కూడా క్షుద్రవిద్య లెక్కలో ఎందుకు వేస్తారు, ఇది రెండోది. రెండోదానితో మొదలుపెడతాను. అక్కడ నేను చేసిన తప్పు ఒకటి ఉంది.

పదమూడేళ్లు సాధన చేశాను. మంత్రాలు పనిచేస్తాయా లేదా అన్న గొడవ ఇక్కడ పెట్టుకోను. చేసేవాడు పనిచేస్తుందని నమ్మే కూర్చుంటాడు కదా, తప్పొప్పుల లెక్కకు అది చాలు.

తంత్ర గ్రంథాలు ప్రయోగాలను ఆరుగా విడదీస్తాయి: శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం. షట్కర్మలంటే ఇవే. రోగం, భయం, పీడ తగ్గించేది శాంతి. మనిషిని తనవైపు తిప్పుకునేది వశ్యం. ఆపడం, విడగొట్టడం, తరిమేయడం, చివరికి చంపడం తర్వాత వస్తాయి. శాంతి పక్కనే కూర్చుంది కాబట్టి వశ్యం కొత్తవాళ్ల కంటికి మెత్తగా కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది. కానీ అదే గ్రంథాల్లో ఇంకో మాట ఉంది, దాని దగ్గర నేను అప్పట్లో ఆగలేదు. చేసేవాడు సాధకుడు. ఎవరిమీద చేస్తున్నామో ఆ మనిషి పేరు ‘సాధ్యనామం’. అప్పటిదాకా మనతో మాట్లాడి, అలిగి, నవ్విన మనిషి ఆ క్షణం నుంచి సాధించాల్సిన పని అయిపోతుంది.

నాకు ఇరవయ్యారేళ్లప్పుడు ఒకమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. గొడవేం జరగలేదు. ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. ఏమైంది అని అడగడానికి ధైర్యం చాల్లేదు. ఇరవైఒక్క రాత్రులు కూర్చోవడానికి మాత్రం చాలింది. మంత్రంతో పేరును కలిపి రాయడానికి ఆరు పద్ధతులు చెబుతారు. వశ్యానికి చెప్పినది విదర్భం: మంత్రంలో రెండక్షరాలు, పేరులో ఒకటి, మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. ఆమె పేరు మూడక్షరాలు. రోజుకు 108 సార్లు. మూడో రాత్రికే అది పేరులా కనిపించడం మానేసింది. మధ్య అక్షరానికి దీర్ఘం సరిగా పడలేదని ఒక కాగితం మొత్తం చింపేసి మళ్లీ మొదలుపెట్టాను. రాసేటప్పుడు ముఖం కళ్లముందు నిలుపుకోవాలి. నాకు ఆ దీర్ఘమే నిలిచేది.

పదిహేడో రోజు ఫోన్ వచ్చింది. “ఎందుకో గుర్తొచ్చావు. ఎలా ఉన్నావు?” అంది.

ఆ ‘ఎందుకో’ వినగానే ఒళ్లు జలదరించింది. పండింది అనుకున్నాను. మిగతా నాలుగు రాత్రులు కూడా పూర్తి చేశాను, మధ్యలో ఆపితే ఏమవుతుందో అని టెన్షన్. తర్వాత ఐదు నెలలు మేం మళ్లీ కలిసి తిరిగాం. ఆ ఐదు నెలల్లో నేను సంతోషంగా ఉన్న రోజులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆమె నవ్వితే, ఇది ఆమె నవ్వా నేను రాసిన కాగితమా అనిపించేది. నాకోసం ఎదురుచూస్తే, ఎదురుచూస్తోందా ఎదురుచూసేలా చేశానా అనిపించేది. చిరాకు పడితే ప్రభావం తగ్గిందేమో, మళ్లీ కూర్చోవాలేమో అనుకునేవాణ్ని. ఒక మనిషి ప్రేమ కోసం చేసిన పని, ఆ ప్రేమను నమ్మే శక్తి నాకు లేకుండా చేసింది.

ఉండబట్టలేక ఒకరోజు చెప్పేశాను. కొడుతుందేమో, భయపడుతుందేమో అనుకున్నాను. ఏదీ చేయలేదు. “నేను ఫోన్ చేసింది మీ నాన్నగారికి ఆపరేషన్ అయిందని తెలిసి. నువ్వే చెప్పుకోనిది నేనెందుకు ఎత్తాలని ‘ఎందుకో’ అన్నాను” అంది. కాసేపాగి, “అడిగితే చేసేదాన్నిగా ఫోన్” అంది.

ఆ తర్వాత మా మధ్య పెద్దగా ఏమీ మిగల్లేదు. తప్పు ఆమెది కాదు.

ఆమె తనంతట తాను చూపించిన మంచితనాన్ని నేను నా జపం ఖాతాలో వేసుకున్నాను. వశీకరణం హాని చేయదు కదా అని మీరన్నప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. మంత్రం పనిచేసి ఉంటే ఆమె ఇష్టాన్ని పక్కకు నెట్టినట్టు. పనిచేయకపోతే ఆమె ఇష్టంతో చేసినదాన్ని నేను కాజేసినట్టు. ఎటు చూసినా ఆమె లేదు, సాధ్యనామం మాత్రమే ఉంది.

ఈ ‘పండింది’ అనిపించడం గురించి 2006లో మనస్తత్వ పరిశోధకులు ఎమిలీ ప్రోనిన్, డేనియల్ వెగ్నర్, మరి కొందరు కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. వచ్చినవాళ్లతో ఒక బొమ్మకు సూదులు గుచ్చించారు. ఆ బొమ్మ ఎవరికి గుర్తో ఆ మనిషి కాసేపటికి కాస్త తలనొప్పిగా ఉందన్నాడు. అతను పరిశోధకులు పెట్టిన మనిషే, ఆ మాట అనమన్నదీ వాళ్లే. కొందరి ముందు అతను కావాలని చిరాకు పుట్టించేలా ప్రవర్తించాడు. వాళ్లే, మామూలుగా ప్రవర్తించినప్పుడు చూసినవాళ్లకంటే ఎక్కువగా, ఆ తలనొప్పికి తామే కారణమని అనుకున్నారు. లోపల కోరిక ముందే ఉంటే, బయట జరిగినది దానికి అతుక్కుపోతుంది. నా పదిహేడో రోజు కూడా అంతే.

తెల్ల మ్యాజిక్, నల్ల మ్యాజిక్ అన్న విభజన మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చేసే ప్రతివాడికీ తనది తెల్లదే. విక్కా అని పాశ్చాత్య దేశాల్లో ఈ కాలపు మంత్రసాధన సంప్రదాయం ఒకటుంది. అందులో ఉన్నవాళ్లు ‘ఎవరికీ హాని చేయనంతవరకు నీకు నచ్చింది చేయి’ అన్న సూత్రాన్ని చెప్పుకుంటారు. ఈ రూపంలో అది జనానికి తెలిసింది 1964లో ఆ సంప్రదాయానికే చెందిన డోరీన్ వాలియెంటీ చేసిన ప్రసంగంతో. చదవడానికి బాగుంటుంది. చిక్కల్లా, హాని అంటే ఏమిటో తేల్చేది ఎవరన్నదే. నేను ఇరవైఒక్క రాత్రులు ఎవరికీ హాని చేయడం లేదనే అనుకున్నాను.

ఈ విషయంలో, వేదవాక్యాల అర్థాన్ని తర్కించి తేల్చే మన మీమాంసకుల వాదన ఇంకా సూటిగా ఉంటుంది. వేదంలో శ్యేనయాగం అని ఒకటుంది, శత్రువును చంపదలచినవాడు చేసేది. మరి వేదమే చెప్పింది కదా, అది ధర్మం కాదా అని అడిగితే, కాదన్నాడు వాళ్లలో పేరున్న భాష్యకారుడు శబరస్వామి. చంపాలన్న కోరిక ఉన్నవాడికి ఇది ఉపాయం అని మాత్రమే వేదం చెబుతోంది, చంపమని చెప్పడం లేదు, కోరిక నీదే అంటాడు. మంత్రానికి అధికారం ఉంది కాబట్టి నా పనికీ ఉంది అన్న సాకు అక్కడితో తెగిపోతుంది. గ్రంథంలో ఉంది, గురువు ఇచ్చారు, దేవత అనుగ్రహించింది, ఇవన్నీ ఆ సాకుకే వేరే వేరే పేర్లు.

సాధనలో నాకు దారి చూపించిన పెద్దాయనకు ఒక అలవాటుండేది. ఎవరొచ్చి ఏ ప్రయోగం అడిగినా, సంకల్పాన్ని మామూలు తెలుగులో, పూర్తి వాక్యంగా కాగితం మీద రాయమనేవారు. ఎవరు, ఎవరికి, ఏం జరగాలి. ‘శత్రుబాధ నివారణ’ లాంటి పెద్ద మాటలు కుదరవు. తర్వాత నేనూ అదే పద్ధతి పట్టుకున్నాను. ఆస్తి తగాదాలో ఉన్న ఒకతను నా దగ్గరికొచ్చాడు. బాబాయి మోసం చేశాడు, అన్యాయం అయిపోయాం, ఏదైనా చేయండి అన్నాడు. అతను చెప్పిన మోసం నిజమేనని నాకూ అనిపించింది. కాగితం ఇచ్చాను. ‘మా బాబాయి’ అని రాశాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ‘బుద్ధి తెచ్చుకోవాలి’ అని రాశాడు. బుద్ధి ఎలా రావాలి, ఏం జరిగితే వస్తుంది, అదీ రాయి అన్నాను. ‘ఏదైనా దెబ్బ’ అని రాసి, దాన్ని గీకేసి, పిల్లల పేర్లేవో మొదలుపెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లాయర్ దగ్గరికే వెళ్తానని లేచాడు.

అన్యాయం నిజమైనదైతే ప్రయోగం న్యాయమవుతుందా అన్నదానికి టిబెట్ యోగి మిలారేపా కథకు మించినది నాకు తెలియదు. పదకొండో శతాబ్దం మనిషి. తండ్రి చనిపోతే పెదనాన్న వరస ఆయనా మేనత్తా ఆస్తి కాజేసి, తల్లినీ పిల్లల్నీ పనివాళ్లకింద మార్చారు. విద్య నేర్చుకుని పగ తీర్చకుండా వస్తే నీ కళ్లముందే చస్తానంది తల్లి. అతను నేర్చుకున్నాడు. పెళ్లి విందు జరుగుతున్న ఇల్లు కూలి 35 మంది చనిపోయారు. ఆస్తి కాజేసిన ఇద్దరూ మాత్రం బతికే ఉన్నారు! ఈ కథ చెప్పేవాళ్లు ఆ తర్వాతి పశ్చాత్తాపం మీదే నిలబడతారు: గురువు మార్పా చేతిలో రాతి కట్టడాలు కట్టడం, కూల్చడం, మళ్లీ కట్టడం, రాళ్లు మోసి వీపు పుండైపోవడం. నాకు మాత్రం ఆ ఇద్దరు బతికి ఉండటమే మనసులో నిలిచిపోయింది. కథ ప్రకారం విద్య పనిచేసింది. అయినా తగలాల్సినవాళ్లకు తగల్లేదు.

ఇక మీ మొదటి ముక్క, ఆధ్యాత్మిక ఉద్దేశం. ఇక్కడ కాస్త కఠినంగా మాట్లాడతాను, నా గురించే. వశ్యాలూ అవీ వదిలేశాక నేను ‘కేవలం ఉపాసన’ అని మొదలుపెట్టాను. ఏ కోరికా లేదు, ఉన్నతి కోసమే అని చెప్పుకునేవాణ్ని. కానీ ఏదైనా కార్యక్రమానికి వెళ్తే నేను రాగానే నలుగురు గొంతు తగ్గించేవాళ్లు. ఒకరు కుర్చీ ఖాళీ చేసేవాళ్లు. నేను ఎవరి కళ్లలోకైనా రెండు క్షణాలు ఎక్కువ చూస్తే వాళ్లు తడబడేవాళ్లు. అది నాకు నచ్చింది. చాలా నచ్చింది. అందుకోసం చూపు ఎలా నిలపాలో అద్దం ముందు ప్రాక్టీస్ చేశాను కూడా, ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

గీత పదిహేడో అధ్యాయంలో తపస్సును మూడు రకాలుగా చెబుతాడు. ఇతరులను నాశనం చేయడానికి చేసేది తామసం. అది అందరికీ తెలుసు, మనం ఆ కోవ కాదులే అని పేజీ తిప్పేస్తాం. దానికి ముందు శ్లోకంలో సత్కారం, గౌరవం, పూజ అందుకోవడానికి దంభంతో చేసేది రాజసమన్నాడు. నా ఉపాసన మొత్తం ఆ ఒక్క పంక్తిలో దొరికిపోయింది.

బౌద్ధుల వినయపిటకంలో పిండోల భారద్వాజుడనే భిక్షువు కథ ఉంది. రాజగృహంలో ఒక శ్రేష్ఠి, అంటే ధనికుడైన వ్యాపారి, గంధపు చెక్క పాత్రను ఎత్తున కట్టించి, శక్తి ఉన్నవాళ్లు తీసుకోండి అన్నాడు. పిండోలుడు గాలిలోకి లేచి తీసుకున్నాడు. జనం వెంటపడ్డారు. బుద్ధుడు మెచ్చుకోలేదు సరికదా, మందలించి, ఆ పాత్రను పొడి చేయించి, ఇకమీదట గృహస్థులకు సిద్ధులు చూపించకూడదని నియమం పెట్టాడు. ఎగిరాడా లేదా అన్న శంకే ఆ కథలో రాదు. ఎగరడం అబద్ధమని కూడా ఎవరూ అనరు. యోగసూత్రాల్లో పతంజలి కూడా సిద్ధులు లేవనడు. మూడో పాదంలో వాటి గురించే వరసగా చెప్పుకొచ్చి, సమాధికి ఇవి అడ్డంకులు, బయటి ప్రపంచంలో తిరిగే మనసుకే సిద్ధులు అంటాడు.

మూడో శతాబ్దంలో పోర్ఫిరీ అనే గ్రీకు తత్త్వవేత్త అడిగిన ప్రశ్న ఒకటి నాకు చాలా ఇష్టం. పిలిచేవాడు న్యాయంగా ఉండాలని దేవతలు కోరతారు కదా, మరి పిలిస్తే వచ్చి అన్యాయమైన పనులు ఎలా చేసిపెడతారు? దీనికి జవాబుగా ఇయాంబ్లికస్ అనే మరో తత్త్వవేత్త పెద్ద గ్రంథమే రాశాడు. ప్రార్థన దేవతను కిందికి లాగదు, ప్రార్థించేవాణ్ని దేవతకు తగినవాణ్నిగా మారుస్తుంది అన్నది అందులో ఒక ముఖ్యమైన మాట. వినడానికి బాగుంది. కానీ నాకు జవాబుకంటే ప్రశ్నే ఎక్కువ ఉపయోగపడింది. నేను పిలిచే శక్తి, నా అన్యాయమైన కోరికను కూడా తీర్చేస్తుందని నేను నమ్ముతున్నానంటే, నా దృష్టిలో అది ఎలాంటి దేవత? కూలికి దొరికే రౌడీతో సమానం చేస్తున్నాను కదా!

మరి మంచి కోసం చేస్తే? జబ్బుపడ్డ మనిషి కోసం, వాళ్లకు తెలియకుండా? ఇక్కడ నా అభిప్రాయం పూర్తిగా గట్టిపడలేదు. పేరు పెట్టి ప్రయోగం చేయాలంటే ముందు అడగాలి అన్నది నా నియమం. సాధ్యనామం రాసే పని ఏదైనా సరే, రాసిన కాగితం ఆ మనిషి చేతికి ఇవ్వగలగాలి. ఇవ్వలేనిది చేయకూడదు. అలాగని చెప్పేస్తే అంతా సరిపోతుందనీ కాదు. 2006లోనే ప్రచురితమైన ఒక అధ్యయనంలో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని చూశారు. తమకోసం ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా తెలిసినవాళ్లలో 59 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఏదో ఒక సమస్య వచ్చింది. ప్రార్థన జరుగుతున్నా ఆ సంగతి కచ్చితంగా తెలియనివాళ్లలో అది 52 శాతం. యాదృచ్ఛికం కావచ్చు. నాకోసం ప్రార్థన చేసేంత సీరియస్‌గా ఉందా అని కంగారు పడి ఉండొచ్చు. మంచి చేయబోయేవాడు కూడా అవతలి మనిషి మనసులో ఏదో ఒకటి పెడుతున్నాడు, అది మరిచిపోకూడదు.

మీరు అడగనిది ఒకటుంది, ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. సాధన చేస్తున్నాడని తెలిశాక మనుషులు మన దగ్గరికి భయం మోసుకొస్తారు. ఎవరో ఏదో చేశారు, చూడండి అంటారు. ఆ క్షణంలో చేతిలో ఉండే అధికారం ఏ మంత్రానికీ ఉండదు. ‘ఏమీ లేదు, డాక్టర్‌కు చూపించుకోండి’ అంటే వాళ్ల మొహం వాడిపోతుంది, మనమూ మామూలు మనిషి అయిపోతాం. ‘ఏదో ఉంది’ అంటే కళ్లు పెద్దవవుతాయి.

వరసకు పిన్ని అయ్యే ఒకావిడ వచ్చింది. ఆరు నెలలుగా నిద్ర లేదు, నీరసం, ఏ పని తలపెట్టినా కలిసిరావడం లేదు. ఎవరైనా చేశారా బాబూ అని అడిగింది. కళ్లు మూసుకుని కాసేపు కూర్చుని, “ఏదో ఉంది పిన్నీ, దగ్గరివాళ్లే” అన్నాను. అంతే అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు. నాకు ఏమీ కనిపించలేదు కూడా. పేరు ఆవిడే వెతుక్కుంది. రెండు వారాల్లో తోడికోడలితో మాటలు మానేసింది. పిల్లల్ని ఆ ఇంటి గుమ్మం తొక్కొద్దంది. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో కలిసి బతికినవాళ్లు వాళ్లు.

ఇలాంటి అనుమానం ఎంతదూరం వెళ్తుందో మీకు తెలియంది కాదు. చేతబడి చేశారన్న ఆరోపణతో మనుషుల్ని వెలేసిన, కొట్టి చంపిన వార్తలు ఎన్నో దేశాల నుంచి వస్తూనే ఉంటాయి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2021 జులైలో దీనిమీద ప్రత్యేకంగా తీర్మానమే చేయాల్సి వచ్చింది. ఆ మూకల్లో ఉన్నవాళ్లు ఎవరూ మంత్రగాళ్లు కారు. వాళ్లకు ‘దగ్గరివాళ్లే’ అన్న మాట ఎవరో అందించి ఉంటారు.

ఏడాది తర్వాత పిన్ని దగ్గరికి వెళ్లాను. నాకు ఆరోజు ఏమీ కనిపించలేదు, గొప్పకోసం అన్నాను, తోడికోడలికి ఏ పాపం తెలియదు అని చెప్పాను. క్షమించమని అడిగాను. ఆవిడ చుట్టూ చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చి, నా చెయ్యి పట్టుకుంది.

“నాకు తెలుసు నాయనా,” అంది మెల్లగా. “నిన్నూ బెదిరించింది కదూ?”